మరబోటు ఇంజను – పొగ పోయే దారి

అమృతలూరు చేలల్లో ఆయిలింజను తెలియని వాళ్లు ఉండరు. కాలవ నీళ్లు చివరి చేలకు అందవు. అప్పుడు మురుగు కాలవ గట్టున ఇంజను పెడతారు. హ్యాండిల్ తిప్పుతారు. డుగ్గు డుగ్గుమని ఇంజను అందుకుంటుంది. పక్కనున్న గొట్టంలోంచి నల్లటి పొగ గుప్పుమని లేస్తుంది. కాసేపటికి పలచబడుతుంది. ఆ గొట్టాన్ని ముట్టుకుంటే ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

గట్టు మీది ఇంజనుకు ఒక సుఖం ఉంది. చుట్టూ గాలి. పొగ ఎటు పోయినా నష్టం లేదు. గొట్టానికి చిల్లు పడితే చప్పుడు పెరుగుతుంది. రైతు విసుక్కుంటాడు. “కోతలయ్యాక చూద్దాంలే” అంటాడు. ఏమీ కాదు.

అదే ఇంజన్ను ఒక పెట్టెలో పెట్టి మూత వేస్తే? ఆ పెట్టె మీద నలుగురు మనుషులు పడుకుంటే? ఆ పెట్టె సముద్రంలో ఉంటే?

మరబోటు అంటే అదే.

నిజాంపట్నం రేవులో

అమృతలూరు నుంచి చెరుకుపల్లి మీదుగా కిందికి పోతే నిజాంపట్నం వస్తుంది. ఒకప్పుడు ఈ ఊళ్లన్నీ గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా.

రేవులో రెండు రకాల పడవలు కనబడతాయి. చిన్న ఫైబర్ పడవలకు మోటారు వెనకాల తగిలించి ఉంటుంది. పని అయ్యాక విప్పి ఇంటికి మోసుకుపోవచ్చు. పెద్ద బోట్లు అలా కాదు. వాటి ఇంజను బోటు కడుపులో దిమ్మల మీద బిగించి ఉంటుంది. దాని చుట్టూ ఇరుకు గది. ఆ పైన డెక్కు, డెక్కు మీద కేబిను. డ్రైవరూ కళాసీలూ వంతులు వేసుకుని అక్కడే నిద్రపోతారు. వేటకు పోతే రోజుల తరబడి అదే వాళ్ల ఇల్లు.

మన దేశంలో చేపల వేటకు మరబోట్లు ఊపందుకున్నది 1952 తర్వాత. ఆ ఏడాది నార్వే దేశంతో ఒప్పందం కుదిరింది. కేరళ తీరంలో పని మొదలైంది. నెమ్మదిగా మన తూర్పు తీరానికీ మరబోట్లు వచ్చాయి. లారీలకు ఇంజన్లు చేసే కంపెనీలే బోట్లకూ చేశాయి. లేలాండు ఇంజను లారీలోనూ ఉంటుంది, బోటులోనూ ఉంటుంది. చూడడానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ పొగ పోయే దారి దగ్గర తేడా ఉంది. ఈ పాఠం ఆ తేడా గురించే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు బోట్లన్నీ రేవుకు చేరతాయి. వలలు అల్లేవాళ్లు వలలు అల్లుతారు. చెక్కకు కీలు పూసేవాళ్లు కీలు పూస్తారు. ఇంజను మేస్త్రులకు ఊపిరాడదు.

అలాంటి రోజుల్లో ఒక మేస్త్రికి రేవు నుంచి కబురొచ్చిందనుకుందాం. ఆయనది అమృతలూరు దగ్గరి పల్లె. పాతికేళ్లుగా చేలల్లో ఆయిలింజన్లు, ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేస్తున్నాడు. మేనల్లుడిని వెంటబెట్టుకుని వెళ్లాడు. బోటు పాతది. ఇంజను ఆరు సిలిండర్లది. డ్రైవరు యాభై దాటినవాడు. పెద్దయ్యాక, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. ఓనరు గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“ఏంది డ్రైవరు గారూ బాధ?” అని మేస్త్రి అడిగాడు.

“పొద్దున్నే స్టార్టు చేస్తే తెల్ల పొగ వస్తంది. ఎంతసేపటికీ ఆగటం లేదు. మొన్నొక రోజు అసలు తిరగలేదు. టక్కుమని ఆగిపోయింది.”

మేస్త్రి ఆ మాటకు ఉలిక్కిపడ్డాడు. “తర్వాత ఏం జేశారు? మళ్లీ సెల్ఫు కొట్టారా?”

“లేదు. కుర్రాళ్లు కొడతామన్నారు. నేనే వద్దన్నా.”

“మంచి పని జేశారు.”

ఎందుకు మంచి పనో ముందు ముందు తెలుస్తుంది.

మేనిఫోల్డు అంటే

ఆరు సిలిండర్లంటే ఆరు పొయ్యిలు. ఒక్కో పొయ్యిలో డీజిలు మండుతుంది. ఒక్కో పొయ్యికి పొగ పోయే కన్నం ఒకటి ఉంటుంది. ఆరు కన్నాల పొగ ఒక్క గొట్టంలోకి చేరాలి. అరచేతిని చూడండి. వేళ్లు వేరువేరుగా ఉంటాయి. అన్నీ అరచేతిలో కలుస్తాయి. ఇంజను పక్కన బిగించిన అలాంటి పోత ఇనుము ముక్కనే మేనిఫోల్డు అంటారు. ఇంజనుకూ దానికీ మధ్య పొగ కారకుండా గ్యాస్కెట్ వేస్తారు. స్టడ్లకు నట్లు వేసి బిగిస్తారు.

ఇంజను నిండు బరువు మీద నడిచేటప్పుడు అందులోంచి పోయే పొగ వేడి 400 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు కాగేది 100 డిగ్రీల దగ్గర. దీన్నిబట్టి ఆ వేడి ఎంతో ఊహించండి. లారీ పరిగెత్తుతుంటే ఎదురుగాలి తగిలి మేనిఫోల్డు కొంత చల్లబడుతుంది. బోటు కడుపులో గాలి ఎక్కడిది? అందుకని బోటు ఇంజను మేనిఫోల్డుకు చాలా వాటిల్లో రెండు గోడలు పెడతారు. లోపలి గోడ లోపల పొగ పోతుంది. రెండు గోడల మధ్య నీళ్లు పోతాయి. అందుకే పక్కన నిలబడినా ఒళ్లు కాలదు.

ఆ నీళ్లు రెండు రకాలు. కొన్ని ఇంజన్లలో మంచినీళ్లే తిరుగుతుంటాయి. వాటిని సముద్రపు నీళ్లు వేరే గొట్టాల్లోంచి వెళ్లి చల్లబరుస్తాయి. కొన్ని పాత ఇంజన్లలో సముద్రపు నీళ్లే నేరుగా మేనిఫోల్డులోకి వస్తాయి. మొదటిది ఖరీదు. రెండోది చవక. కానీ రెండోదాంట్లో ఉప్పు ప్రతిరోజూ ఇనుమును తింటూ ఉంటుంది.

నీటి గది లేని మేనిఫోల్డులు కూడా బోట్లలో ఉన్నాయి. వాటికి వేడిని ఆపే గుడ్డ చుడతారు. ఆ గుడ్డ ఊడిపోయిందా, అసలు ప్రమాదం అక్కడే. పెద్ద ఓడలకు ఒక అంతర్జాతీయ నియమం ఉంది. 220 డిగ్రీలు దాటి వేడెక్కే భాగం మీద ఆయిలు చిమ్మే వీలుంటే, ఆ భాగాన్ని కప్పి తీరాలి. ఎందుకంటే అంత వేడి ఇనుము మీద డీజిలు పడితే అగ్గిపుల్ల అక్కర్లేదు. దానంతటదే అంటుకుంటుంది.

ఇనుములో పెన్సిల్

మేస్త్రి ఇంజను గదిలోకి దిగాడు. టార్చి వేసి చూశాడు. మేనిఫోల్డుకు కొత్తగా రంగు వేసి ఉంది. నిగనిగలాడుతోంది.

“రంగు ఎప్పుడేశారు?”

“నిరుడు నిషేధంలో,” అన్నాడు డ్రైవరు.

పైనుంచి ఓనరు కేక వేశాడు. “బాగానే ఉందిగా మేస్త్రీ? ఒక్క సీజను లాగితే చాలు. వచ్చే ఏడు మారుద్దాం.”

మేస్త్రి జవాబు చెప్పలేదు. మేనిఫోల్డు చివర నీళ్లు బయటికి పోయే మూత ఉంది. ఆ మూత విప్పాడు. లోపల గోడ నల్లగా ఉంది. ఆకారం చెడలేదు. చాకు తీసి ఆ గోడ మీద గీశాడు. ఇనుమైతే చాకు జారాలి. చాకు దిగింది. నల్లటి పొడి రాలింది.

“నీ పుస్తకం ఇట్టా ఇవ్వు,” అని డ్రైవరు చేతిలో నోటు పుస్తకం తీసుకున్నాడు. ఆ నల్లటి ముద్దను కాగితం మీద రుద్దాడు. గీత పడింది. అచ్చం పెన్సిల్ గీత.

మేనల్లుడు నోరు తెరిచాడు. “ఇదేంది మావయ్యా, ఇనుము రాస్తందా?”

ఇనుము రాయదు. కానీ పోత ఇనుములో ఇనుము ఒక్కటే ఉండదు. నూటికి మూడు పాళ్ల పైన కర్బనం కూడా ఉంటుంది. అది సన్నటి రేకుల్లా ఇనుమంతా పరచుకుని ఉంటుంది. దాన్ని గ్రాఫైట్ అంటారు. పెన్సిల్ మధ్యలో ఉండే నల్లటి ములుకులో ఉండేది కూడా అదే. ఉప్పునీళ్లు ఇనుమును కరిగించి పట్టుకుపోతాయి. గ్రాఫైట్‌ను ఏమీ చేయలేవు. ఇనుము పోయాక గ్రాఫైటూ తుప్పూ కలిసిన గుల్ల మిగులుతుంది. ఆకారం మారదు. మందం తగ్గినట్టు కనబడదు. కానీ బలం పోతుంది. చెద తిన్న ద్వారబంధం కూడా ఇలాగే ఉంటుంది. పైన రంగు ఉంటుంది. వేలితో నొక్కితే లోపలికి పోతుంది.

బయట వచ్చే తుప్పును అందరూ చూస్తారు. లోపల తినే ఉప్పును ఎవరూ చూడరు. మేనిఫోల్డు విషయంలో మోసం అంతా ఇక్కడే ఉంది. పైన రంగు వేయడం వల్ల ఉపకారం కంటే అపకారం ఎక్కువ. చిన్న చెమ్మ, సన్నటి బీట, ఉప్పు మరక అన్నిటినీ రంగు దాచేస్తుంది.

నీళ్లు ఎటు కారినా ముప్పే

లోపలి గోడ డొల్ల పడ్డాక ఒకరోజు చిల్లు పడుతుంది. బయటికి చిల్లు పడితే అదృష్టం. నీళ్లు కారడం కంటికి కనబడుతుంది. లోపలికి చిల్లు పడితేనే కష్టం.

ఇంజను నడుస్తున్నంతసేపూ పొగ ఆ నీళ్లను ఆవిరి చేసి బయటికి నెడుతుంది. అదే తెల్ల పొగ. ఇంజను ఆపేశాక నెట్టేవాళ్లు ఉండరు. రాత్రంతా చుక్క చుక్క పొగదారిలోకి దిగుతుంది. ఇంజను ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్ పొగ వాల్వు తెరుచుకునే ఉంటుంది. నీళ్లు అందులోంచి సిలిండర్‌లోకి చేరతాయి.

సూది మందు వేసే సిరంజి తీసుకోండి. మూతి వేలితో మూసి వెనక నుంచి నొక్కండి. లోపల గాలి ఉంటే కొంత దూరం పోతుంది. ఇప్పుడు నీళ్లతో నింపి నొక్కండి. కదలదు. నీళ్లు నలగవు. సిలిండర్‌లోనూ అంతే. పిస్టన్ పైకి వస్తుంది. నీళ్లు అడ్డం నిలుస్తాయి. టక్కుమని ఇంజను ఆగిపోతుంది. అప్పుడు బలవంతంగా సెల్ఫు కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. మేనిఫోల్డుతో పోయే ఖర్చు మొత్తం ఇంజను ఖర్చు అవుతుంది.

ఆ డ్రైవరు సెల్ఫు కొట్టనివ్వలేదు గదా. అదీ ఆ మంచి పని.

అలాంటప్పుడు ఏం చేయాలి? నాజిళ్లు విప్పాలి. ఇంజన్ను చేత్తో నెమ్మదిగా తిప్పాలి. నీళ్లుంటే నాజిల్ కన్నంలోంచి చిమ్ముతాయి. ముఖం అడ్డం పెట్టకూడదు. నీళ్లు పోయాక ఆయిలు మార్చాలి. ఉప్పునీళ్లు తగిలిన సిలిండర్ తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు పట్టదు.

ఇది రేవులో జరిగితే డబ్బు నష్టం. సముద్రంలో జరిగితే? బోటు నిలిచిపోతుంది. అలలు ఎటు నెడితే అటు పోతుంది. తుపాను కాలంలో నిజాంపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో వింటూనే ఉంటాం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఈ తీరం ఇంకా మరవలేదు. ఒడ్డుకు రమ్మని పిలుపు వచ్చిన గంటలో ఇంజను తిరగకపోతే, ఆ బోటులో ఉన్నవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

వాసన లేని విషం

పొగ బయటికి పోకుండా గదిలోకి కారితే ఇంకో ప్రమాదం. పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అది చేరి కూర్చుంటుంది. మొదట తల నొప్పి. తర్వాత వాంతి వచ్చినట్టుంటుంది. మత్తు కమ్ముతుంది. కొత్తగా సముద్రం మీదికి వచ్చిన కుర్రాడికి ఇలా అయితే, “అల పడలేదులే, పడుకోబెట్టండి” అంటారు. కేబిన్లో పడుకోబెడతారు. విషం ఉన్న చోటికే తీసుకుపోతారు.

గుర్తు పట్టడం ఎలా? డెక్కు మీద గాలిలోకి వచ్చాక తల నొప్పి తగ్గిందా, కిందికి దిగితే మళ్లీ మొదలైందా చూడాలి. ఒక్కరికి కాక కేబిన్లో ఉన్న ఇద్దరు ముగ్గురికీ ఒకేసారి వచ్చిందా చూడాలి. అలా ఉంటే అది అల కాదు, పొగ. వెంటనే అందరూ బయటికి రావాలి. తలుపులు తెరవాలి. ఇంజను ఆపాలి.

డీజిలు ఇంజను పెట్రోలు ఇంజనంతగా ఈ వాయువును వదలదు. నిజమే. కానీ మూసిన గదిలో కొంచెమైనా చాలు. పైగా డీజిలు పొగ రోజూ పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిలు పొగను మనుషులకు క్యాన్సర్ తెచ్చే వాటిలో చేర్చింది.

చూడాల్సిన గుర్తులు

ఇంజను చల్లగా ఉన్నప్పుడు టార్చి పట్టుకుని చూడాలి. గ్యాస్కెట్ అంచున నల్లటి మసి చార ఉంటే పొగ కారుతోంది. తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటే నీళ్లు కారి ఎండిపోయాయి. ఎర్రటి తుప్పు కన్నీటి చారలా దిగి ఉంటే బీట ఉంది. నట్లు వదులయ్యాయేమో, స్టడ్డు తెగిపోయిందేమో చేత్తో తడిమి చూడాలి.

తర్వాత ఆయిలు పుల్ల తీసి చూడాలి. ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. మంచినీళ్లు తిరిగే ఇంజనైతే, పైన తొట్టిలో నీళ్లు ఊరికే తగ్గుతున్నాయేమో కనిపెట్టాలి.

స్టార్టు చేశాక తెల్ల పొగ చూడాలి. చలి పొద్దున ఏ ఇంజనుకైనా కాసేపు తెల్ల పొగ వస్తుంది. వేడెక్కాక పోతుంది. పోకుండా ఉంటేనే అనుమానించాలి. అన్ని తప్పులూ మేనిఫోల్డు మీదే వేయకూడదు. హెడ్డు గ్యాస్కెట్ పోయినా తెల్ల పొగ వస్తుంది, ఆయిలు రంగు మారుతుంది. అందుకే విప్పి పరీక్ష చేయాలి.

విప్పడం

మేస్త్రి ముందురోజు సాయంత్రమే ప్రతి నట్టు మీదా డీజిలు పోయించాడు. తుప్పు పట్టిన నట్టుకు రాత్రంతా నానే అవకాశం ఇవ్వాలి. తెల్లారి బ్యాటరీ తీగ ఊడదీశాడు. సముద్రపు నీళ్లు వచ్చే వాల్వు కట్టేశాడు. ఇది మరిచి గొట్టం విప్పితే సముద్రం ఇంజను గదిలోకి వస్తుంది. తర్వాత నీళ్లన్నీ దించేశాడు.

మేనల్లుడు గ్యాసు మంట తెచ్చి, “నట్టు కాలిస్తే తొందరగా వస్తది మావయ్యా” అన్నాడు.

“ఇది మన గట్టు గాదబ్బాయ్. అడుగున చూడు, నీళ్ల మీద ఆయిలు ఎట్టా తేల్తందో. నిప్పురవ్వ పడితే ఇద్దరం పైకి రాం.”

నట్లను ఒకేసారి పూర్తిగా విప్పకూడదు. చివరల నుంచి మధ్యకు వస్తూ అన్నిటినీ కొంచెం కొంచెం వదులు చేయాలి. చివరి నట్టు విప్పేముందు మేనిఫోల్డుకు తాడు కట్టి ఇద్దరు పట్టుకోవాలి. అది బరువు. కాలి మీద పడితే వేళ్లు ఉండవు.

ఊడదీశాక ఇంజను కన్నాలు ఆరింటిలో శుభ్రమైన గుడ్డలు కుక్కాలి. ఎన్ని గుడ్డలు పెట్టారో లెక్క రాసుకోవాలి. పెట్టినవన్నీ తీశారా లేదా అని తర్వాత చూసుకోవాలి. చిన్న నట్టు ఒకటి లోపల పడినా ఇంజను పాడవుతుంది.

పాత గ్యాస్కెట్ గీకేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. పాత ఇంజన్ల గ్యాస్కెట్లలో, గొట్టాలకు చుట్టిన తాళ్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఎప్పటికీ బయటికి రాదు. జబ్బు ఇరవై ముప్పై ఏళ్లకు బయటపడుతుంది. అందుకని నీళ్లు చల్లి తడిగా గీకాలి. నోటితో ఊదకూడదు. గీకిన చెత్తను తడిగానే సంచిలో కట్టేయాలి. మేస్త్రులు చాలామంది ఈ మాట వింటే నవ్వుతారు. నవ్వినా సరే, తడిపే గీకాలి.

ఖర్చు లేని పరీక్ష

ఊడదీసిన మేనిఫోల్డును ఒడ్డుకు తెచ్చి కడిగారు. సుత్తితో మెల్లగా కొడితే మంచి పోత ఇనుము గంటలా మోగుతుంది. బీట ఉంటే బొద్దుమంటుంది. పగిలిన కుండకూ మంచి కుండకూ తేడా తెలిసిన ఆడవాళ్లకు ఈ పరీక్ష నేర్పనక్కర్లేదు.

తర్వాత పొగ పోయే దారి లోపల సున్నం పూశారు. ఆరనిచ్చారు. నీళ్ల గది కన్నాలన్నీ మూసి, దాని నిండా కిరసనాయిలు పోశారు. కిరసనాయిలు దొరక్కపోతే డీజిలైనా సరే, కాస్త ఆలస్యమవుతుంది. రాత్రంతా అలా వదిలేశారు. నీళ్లు దూరని సన్నటి బీటలో కూడా కిరసనాయిలు దూరుతుంది. తెల్లారి చూస్తే మూడో కన్నం దగ్గర తెల్లటి సున్నం మీద తడి మరక కనిపించింది.

షెడ్డులో అయితే నీళ్లు నింపి చేతి పంపుతో ఒత్తిడి పెట్టి చూస్తారు. 15 నుంచి 20 పౌండ్ల ఒత్తిడి చాలు. అది సైకిల్ చక్రంలో ఉండే గాలి కంటే తక్కువే. గాలితో చేయకూడదు, నీళ్లతోనే చేయాలి. డొల్ల పడిన ఇనుము గాలి ఒత్తిడికి పగిలితే ముక్కలు ఎగురుతాయి.

ఓనరు మరకను చూశాడు. “వెల్డింగు పెట్టిస్తే?”

“పోత ఇనుముకు వెల్డింగు అంత తేలిగ్గా పడదు బాబూ. ముక్కంతా కాల్చి, మెల్లగా చల్లార్చాలి. అయినా మందం ఉన్న చోటే అతుకు నిలుస్తది. దీంట్లో ఇనుమే లేదు, దేనికి అతికేది?”

“పోనీ, పాత సామాను కొట్లో లారీది దొరుకుద్దిగా. సగం ధర.”

“లారీదానికి నీళ్ల గది ఉండదు. బోటు ఇంజను గదిలో అది పెట్టామంటే నిప్పుల కుంపటి పెట్టినట్టే.”

ఓనరు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన బాధ కూడా తక్కువేం కాదు. డీజిలుకు, ఐసుకు, వలలకు ముందే అప్పు తెచ్చాడు. కానీ కొత్త మేనిఫోల్డు ధర పక్కన కొత్త ఇంజను ధర రాసి చూస్తే లెక్క తేలిపోతుంది. డ్రైవరు ఆ రెండు అంకెలూ నోటు పుస్తకంలో కింద మీద రాసి చూపించాడు. ఓనరు లేచి ఫోను తీశాడు.

బిగించడం

కొత్త మేనిఫోల్డు వచ్చింది. ముందు పాతదాని పక్కన పెట్టి కన్నాలన్నీ సరిపోతున్నాయో లేదో చూశారు. తిన్నటి ఉక్కు స్కేలు పెట్టి ముఖం చదునుగా ఉందో లేదో చూశారు. గ్యాస్కెట్ ఎప్పుడూ కొత్తదే వేయాలి. పాతది ఒకసారి నలిగింది. రెండోసారి నలగదు. తుప్పు తిన్న స్టడ్లు కూడా మార్చాలి.

బిగించేటప్పుడు విప్పినదానికి తిరగేసి చేయాలి. మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకు పోవాలి. ఒక్కసారిగా బిగించకుండా మూడు విడతలుగా బిగించాలి. ఎందుకు? బండి చక్రానికి ఇనప పట్టా వేసేటప్పుడు చూసే ఉంటారు. పట్టాను కాలిస్తే సాగుతుంది. చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే బిగుసుకుంటుంది. ఆరు సిలిండర్ల పొడవున్న మేనిఫోల్డు కూడా వేడికి సాగుతుంది. చివరలు ముందు బిగిస్తే మధ్యలో ముఖం ఆనదు. వేడెక్కి సాగినప్పుడు ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఎంత బలంతో బిగించాలో ఇంజను పుస్తకంలో అంకె ఉంటుంది. ఆ అంకె ఇంజను ఇంజనుకూ మారుతుంది. చదివి బిగించాలి.

బిగించాక ఒకసారి ఇంజను నడిపి, చల్లారాక మళ్లీ నట్లు చూడాలా వద్దా? దీని మీద మేస్త్రులు వాదులాడుకుంటూనే ఉంటారు. కొత్త రకం గ్యాస్కెట్లకు కొన్నిటికి అక్కర్లేదు. పాత రకానికి కావాలి. చూడడం వల్ల పోయేదేమీ లేదు. చల్లారాకే చూడాలి.

ఇంజను స్టార్టు చేసేముందు మూసిన నీటి వాల్వు తెరవాలి. ఇది మరిచిపోయినవాళ్లు ఉన్నారు. నీళ్లు లేకుండా మేనిఫోల్డు కాగిపోతుంది. అప్పుడు కంగారుపడి వాల్వు తెరిస్తే చన్నీళ్లు ఒక్కసారిగా తగిలి పగులుతుంది. వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద నీటి చుక్క పడితే ఏమవుతుందో తెలుసు గదా. అలా కాగిపోతే ఇంజను ఆపి, దానంతట అది చల్లారే దాకా ఆగాలి.

పని నేర్చుకోవాలనుకునే పిల్లలకు

ఈ పని చూసి నేర్చుకోవచ్చు. చదివీ నేర్చుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 1963లో కొచ్చిలో పెట్టిన సంస్థను ఇప్పుడు సిఫ్‌నెట్ అంటున్నారు. దాని శాఖ ఒకటి విశాఖపట్నంలో ఉంది. అక్కడ పదో తరగతి పాసైన పిల్లలకు మెరైన్ ఫిట్టర్ పని నేర్పుతారు. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. మేస్త్రి మేనల్లుడు పదో తరగతి తప్పాడు. సెప్టెంబరులోపు ఆ ఒక్క లెక్కల పరీక్షా కట్టి రాయమని డ్రైవరు వాడి వెంటబడ్డాడు.

నోటు పుస్తకం

మేనిఫోల్డును చూసి దాని వయసు చెప్పలేం. ఉప్పు లోపల తింటుంది, పైన కనబడదు. అందుకే ఎప్పుడు బిగించారో రాసి ఉంచాలి. ఉప్పునీళ్లు నేరుగా పోయే మేనిఫోల్డును ఏటా నిషేధం రోజుల్లో మూత తీసి చాకుతో గీకి చూడాలి. అయిదేళ్లు దాటితే బాగుందనిపించినా నమ్మకుండా ఊడదీసి పరీక్ష చేయాలి. డ్రైవర్లు మారతారు. బోట్లు చేతులు మారతాయి. కొత్తగా వచ్చినవాడికి పాతవాడి మాట వినబడదు. పుస్తకంలో రాసింది కనబడుతుంది.

ఆ బోటు డ్రైవరు తన పుస్తకంలో పెన్సిల్ గీతలాంటి మరక పడిన పేజీని చింపలేదు. దాని కిందనే గళ్లు గీసి ఇలా రాసుకున్నాడు. మీ ఊళ్లో ఆయిలింజనుకైనా, ట్రాక్టరుకైనా ఇలాంటి పేజీ రాసుకోవచ్చు.

బోటు నంబరు: ....................
ఇంజను నంబరు: ....................
మేనిఫోల్డు బిగించిన తేదీ: ....................
మేనిఫోల్డు మీద పోతలో ఉన్న నంబరు: ....................
లోపల తిరిగే నీళ్లు (మంచినీళ్లు / ఉప్పునీళ్లు): ....................
గ్యాస్కెట్ మార్చిన తేదీ: ....................
చాకుతో గీకి చూసిన తేదీ, ఎలా ఉంది: ....................
పెట్టిన గుడ్డలు: 6. తీసిన గుడ్డలు: ....................
పని చేసిన మేస్త్రి సంతకం: ....................
డ్రైవరు సంతకం: ....................